స్ట్రాండెడ్‌కి అర్థం

2024 సెప్టెంబర్ 9, సోమవారం

శ్రవణ్‌కుమార్ ఇవాళ నా ముఖం మీదే నవ్వాడు. ఆ నవ్వును ఎక్కడ దించుకోవాలో తెలియక ఈ నోట్‌బుక్ తీశాను. తొమ్మిదో తరగతి డిక్టేషన్ కోసం కొన్నది. పిల్లలకు ఇంకోటి కొంటాను.

స్కూల్లో రెండు పీరియడ్లు పర్మిషన్ అడిగి పాత బస్టాండ్ దగ్గర అతని ఆఫీసుకు వెళ్ళాను. కింద మొబైళ్ళ షాపు, పైన ఇతను. ఓడల్లో ఉద్యోగాలు ఇప్పిస్తానని బోర్డు. ఆర్మూర్‌లో! చెరువు తప్ప ఇంకో నీళ్ళు చూడని పిల్లల్ని సముద్రం మీదికి పంపిస్తాడు. గోడకు తెల్లగా మెరిసే ఓడ ఫొటో. మా తమ్ముడు సుకుమార్ ఎక్కిన ఓడ అలా లేదు. వాడు పంపిన ఫొటోలో అది తుప్పు పట్టిన నూనె డబ్బాలా ఉంది. అందులో వాడు వంటవాడి కింద పని చేస్తాడు. చేసేవాడు. ఇప్పుడు వండడానికి ఏముందని?

"సర్, ఓడ జూన్ నుంచి పరాయి దేశం రేవు బయట ఒక్కకాడనే నిలబడ్డది. ఐదు నెలల నుంచి జీతం లేదు. తాగే నీళ్ళు సుత గ్లాసుతోని కొలిచి ఇస్తున్నరట. ఓనర్ ఫోన్ ఎత్తుత లేడు. పాస్‌పోర్టులు కెప్టెన్ కాడ ఉన్నయి. వాళ్ళను ఇంటికి పంపియ్యాలె గదా?" అన్నాను.

"మీరు ఇంగ్లీష్ టీచరే గదా మేడమ్. పదకొండో పాయింట్ చదువున్రి" అని ఒప్పందం కాగితం నా ముందుకు తోశాడు.

చదివాను. ఓడ స్ట్రాండెడ్ అయితే సిబ్బందిని ఇళ్ళకు చేర్చే బాధ్యత యజమానిది. మరే కారణం చేతా గడువు తీరేలోపు సిబ్బంది ఓడ దిగడానికి వీల్లేదు.

"అదే నేను చెప్తున్నది. స్ట్రాండెడ్ అయిన్రు గదా. చిక్కుకపోయిన్రు."

అప్పుడు నవ్వాడు. తాపీగా, చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ.

"చిక్కుకపోవుడు కాదు మేడమ్. స్ట్రాండ్ అంటే ఒడ్డు. సముద్రపు ఒడ్డు. ఓడ పోయి ఒడ్డుకెక్కి ఇసుకల కూసుంటె అది స్ట్రాండెడ్. మీ తమ్ముని ఓడ లంగరేసి మంచిగ నీళ్ళల్లనే తేలుతున్నది. ఒడ్డు రెండు మైళ్ళ అవుతల ఉన్నది. గదెట్ల స్ట్రాండెడ్ అయితది?"

పక్క కుర్చీలో కూర్చున్న ఎవరో కూడా నవ్వారు. నేను కాగితం మడిచి పెట్టి మెట్లు దిగి వచ్చేశాను. పదేళ్ళ నుంచి ఇంగ్లీష్ చెబుతున్న మనిషిని.

సెప్టెంబర్ 10

డిక్షనరీ చూశాను. అతను చెప్పింది నిజమే.

సెప్టెంబర్ 11

స్కూల్ లైబ్రరీలో ఎవరూ ముట్టని లావు డిక్షనరీ ఒకటి ఉంది. అందులో చూశాను, ఫోన్‌లోనూ చూశాను. స్ట్రాండ్ అంటే ఒడ్డు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్‌లోనే ఆ మాట ఉంది. జర్మన్లకూ డచ్చి వాళ్ళకూ కూడా ఒడ్డంటే అదే మాట. లండన్‌లో ఒక వీధికి ఆ పేరుందట, ఒకప్పుడు నది దాని పక్కనే పారేది కాబట్టి. నాలుగు వందల ఏళ్ళ కింద ఓడ ఒడ్డుకెక్కి కదలకపోతే స్ట్రాండెడ్ అనడం మొదలుపెట్టారు. మనుషుల గురించి అనడం చాలా తర్వాత. రెండు వందల ఏళ్ళు కూడా కాలేదు. జుట్టు పాయను స్ట్రాండ్ అంటాం కదా, అది వేరే మాట, దీనికి చుట్టం కాదు.

అంటే మనిషి చిక్కుకుపోవడానికి అసలైన మాట కూడా లేదు వాళ్ళ దగ్గర. ఓడ నుంచి అరువు తెచ్చుకున్నారు. ఇప్పుడు ఆ అరువు మాట పట్టుకుని ఒక ఏజెంటు మా తమ్ముణ్ణి నీళ్ళ మీద కూర్చోబెట్టాడు.

మనకు ఒడ్డున పడ్డాడంటే గండం గడిచిందని. అమ్మ రోజూ ప్రార్థనలో "నా కొడుకును ఒడ్డున పడెయ్యి ప్రభువా" అంటుంది. వాళ్ళకు ఒడ్డున పడ్డాడంటే పని అయిపోయిందని. ఏ దేవుడికి ఏ భాష అర్థమవుతుందో.

అమ్మ అడిగింది: "సముద్రం ఒడ్డంటె మన పొలం ఒడ్డు లెక్కనే ఉంటదా బిడ్డా? మనిషి నడువొస్తదా?"

నేను కూడా చూడలేదమ్మా అన్నాను. విసుగ్గా అన్నాను. పాపం మా అమ్మ రత్నవ్వ, ఆమెకు ఏం తెలుసు.

సెప్టెంబర్ 22, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి సుకుమార్ ఫోన్. పదకొండు రోజుల తర్వాత. ఓడ మీద తొమ్మిది మందికి కలిపి ఒకటే ఫోన్‌కు సిగ్నల్ వస్తుందట, అది కూడా గాలి ఇటు తిరిగితేనే.

"తిన్నవారా?"

"చేపలు పడుతున్నమక్కా. బియ్యం జరంత ఉన్నయి. అన్నం ఉప్పునీళ్ళల్ల వండుతున్న. ఒడ్డు మీద లైట్లు కనిపిస్తయి, కార్లు సుత కనిపిస్తయి."

బాపు ఫోన్ లాక్కుని "ఫికర్ చెయ్యకు బిడ్డా, అక్క చూస్తున్నది" అన్నాడు. మళ్ళీ నాకిచ్చాడు.

"అక్కా, నువ్వు చెప్పినవు గదా, కంపెనీనే పంపిస్తదని. ఇంకెన్ని దినాలు?"

సిగ్నల్ పోయింది. నేను జవాబు చెప్పేలోపే పోయింది.

సెప్టెంబర్ 23

సంతకానికి ముందే ఒప్పందం నేను చదివాను. అన్ని పేజీలూ చదివాను. దాని గురించి ఇంక రాయను.

సెప్టెంబర్ 30

ఇవాళ తప్పు చేశాను.

తొమ్మిదో తరగతిలో వాణి అనే పిల్ల ఉంది. నిమ్మళంగా చదువుకుంటుంది, వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. స్లిప్ టెస్టులో స్ట్రాండెడ్‌కి అర్థం రాయమని వచ్చింది. "చిక్కుకుపోయిన" అని రాసింది. టెక్స్ట్‌బుక్ వెనక పేజీలో అదే అర్థం ఉంది. నేనే అది చెప్పాను. దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి సున్నా వేశాను.

"తప్పేంది టీచర్?" అని లేచి నిలబడి అడిగింది.

"తెలియని మాటకు అర్థం రాయకు! తెలియకపోతే ఖాళీ వదిలెయ్! ఎవరడిగిన్రు నిన్ను?" అని అరిచాను. గొంతు పక్క క్లాసుకు వినిపించింది. పిల్ల ఏడ్చింది. క్లాసంతా నా వైపే చూసింది.

హెడ్‌మిస్ట్రెస్ శ్యామల మేడమ్ పిలిపించారు. పేపర్ చూశారు, టెక్స్ట్‌బుక్ తెరిచి చూశారు.

"కృపా, పిల్ల రాసింది కరెక్టే గదా. నీకేమైంది?"

చెప్పాను. మొత్తం కాదు. ఓడ సంగతి, ఏజెంటు సంగతి. మేడమ్ వాళ్ళాయన చుట్టం ఒకతను విశాఖపట్నం రేవులో పనిచేస్తాడట. అక్కడ ఓడ పనివాళ్ళ సంఘం ఒకటి ఉందని, జయరాజ్ అనే ఆయన నంబరు తెప్పిస్తానని అన్నారు.

వాణికి మార్కు వేశాను. సారీ చెప్పాను. తల ఊపింది గానీ నా ముఖం చూడలేదు.

అక్టోబర్ 3

జయరాజ్ గారితో మాట్లాడాను. పెద్దాయన గొంతు. నేను పదకొండో పాయింట్ చదవడం మొదలుపెట్టగానే ఆపేశారు.

"అమ్మా, ఆ కాగితం పక్కన పెట్టండి. మీరు తప్పు మాట పట్టుకుని కొట్టుకుంటున్నారు. ఓడ ఒడ్డెక్కిందా లేదా అన్నది మీకెందుకు? యజమాని రెండు నెలలు జీతం ఎగ్గొడితే చాలు, మనుషుల్ని వదిలేసినట్టే లెక్క. అంతర్జాతీయ చట్టం అది. కాంట్రాక్టులో ఏం రాసుకున్నా చెల్లదు. ఓడకు ఇన్సూరెన్స్ చేసినవాళ్ళు ఇంటికి పంపాలి. మీ తమ్ముడి చేత, మిగతావాళ్ళ చేత సంతకాలు చేయించి ఫొటో పంపమనండి."

"ఇన్ని రోజులు ఎవరూ చెప్పలేదండీ."

"ఏజెంటు ఎందుకు చెప్తాడమ్మా?"

శ్రవణ్‌కుమార్‌కు తెలుసు. తెలిసే ఒడ్డు గురించి పాఠం చెప్పాడు. నేను ఇంటికి వచ్చి డిక్షనరీ తిరగేశాను. మూడు వారాలకు పైన! అక్కడ వాళ్ళు నీళ్ళు కొలుచుకుని తాగుతుంటే నేను వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీష్ చదివాను.

అక్టోబర్ 11

తొమ్మిది సంతకాలు వచ్చాయి. ఎవరో బెంగాలీ అతను వేలిముద్ర వేశాడు. జయరాజ్ గారి ద్వారా ఇన్సూరెన్స్ వాళ్ళకు అర్జీ పంపాను.

అక్టోబర్ 17

బాపు శ్రవణ్‌కుమార్‌ను కొట్టాడు.

మా బాపు బుచ్చన్న ముప్పై ఏళ్ళుగా మార్కెట్ యార్డులో హమాలీ. పసుపు బస్తాలు మోసి మోసి మెడ ఒక పక్కకు వంగింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి. ఇవాళ యార్డు నుంచి నేరుగా ఆ మెట్లెక్కి వెళ్ళాడట. నా కొడుకును ఎప్పుడు పంపిస్తవు అని అడిగాడట. శ్రవణ్‌కుమార్ ఏమన్నాడో బాపుతో వెళ్ళిన హమాలీలు వచ్చి చెప్పారు.

"నన్నెందుకు అడుగుతవు పెద్దమనిషీ? మీ బిడ్డనే గదా ఒప్పందం సదివింది. అంతా మంచిగున్నది, సంతకం పెట్టుమని ఆమెనే చెప్పింది. పోయి ఆమెను అడుగు."

"నా బిడ్డ మీదికి తోస్తవారా?" అని చెంప మీద కొట్టాడట.

బాపు ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. నన్ను ఏమీ అడగలేదు. నేను ఎదురుచూశాను. అడగలేదు. నీళ్ళు తాగి, "ఆని మాటలు నువ్వేం మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నాడు.

అడిగి ఉంటే చెప్పేదాన్నా? ఇక్కడైనా రాస్తాను.

ఫిబ్రవరిలో, పసుపు బాగా వస్తున్న రోజులు. యార్డులోనే బాపు పక్కన బస్తాల మీద కూర్చుని కాగితాలు చూశాం. ఏజెంటు సాయంత్రంలోగా సంతకం కావాలన్నాడు. హమాలీలు చుట్టూ నిలబడ్డారు. సుకుమార్ అందరికీ చెబుతున్నాడు, మా అక్కకు ఇంగ్లీష్ మొత్తం వస్తది అని. పదకొండో దగ్గర వేలు పెట్టి, "అక్కా, గీ స్ట్రాండెడ్ ఏంది?" అన్నాడు.

ఓడల కాగితంలో ఆ మాటకు వేరే అర్థం ఉంటుందేమోనని నాకు అనుమానం వచ్చింది. వచ్చింది. రాలేదని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను గానీ, వచ్చింది. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు. "చిక్కుకుపోతే కంపెనీనే ఇంటికి పంపిస్తది. ఏం ఫికర్ లేదు, పెట్టు సంతకం" అన్నాను. దాని కింది వాక్యం నేను చదవనే లేదు.

వాడు పెట్టాడు. మోకాలి మీద కాగితం పెట్టుకుని.

శ్రవణ్‌కుమార్ అబద్ధాలకోరు. ఇవాళ బాపుతో మాత్రం నిజం చెప్పి దెబ్బ తిన్నాడు.

నవంబర్ 18

ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకున్నారు. జయరాజ్ గారే ఫోన్ చేశారు. కానీ ఓడను ఖాళీగా వదలకూడదట. కాపలాకు వేరే మనుషులు ఎక్కితేనే వీళ్ళు దిగాలట. ఆ మనుషుల్ని ఎవరు పంపాలన్న దాని మీద ఉత్తరాలు నడుస్తున్నాయి.

ఒక ఇనుప డబ్బా ఒంటరిగా ఉండకూడదు. మా వాడు ఉండొచ్చు.

నవంబర్ 29

ఐదు రోజులుగా ఫోన్ లేదు. అక్కడ పెద్ద గాలులని వార్త.

డిసెంబర్ 1

అమ్మ అన్నం ముట్టడం లేదు. ఉపవాస ప్రార్థన అంటుంది. నాకు ప్రార్థన రావడం లేదు, నోరు తెరిస్తే తిట్లు వస్తున్నాయి.

డిసెంబర్ 3, మంగళవారం

స్టాఫ్‌రూమ్‌లో ఉండగా శ్రవణ్‌కుమార్ ఫోన్ చేశాడు. చెంపదెబ్బ తర్వాత మొదటిసారి. గొంతులో ఎంత సంతోషమో.

"గుడ్ న్యూస్ మేడమ్! లంగరు గొలుసు తెగింది. మీ తమ్ముని ఓడ కొట్టుకపోయి ఒడ్డుకెక్కింది. గిప్పుడు నిజంగనే స్ట్రాండెడ్ అయ్యింది. ఇగ పదకొండో పాయింట్ వర్తిస్తది, కంపెనీ పంపియ్యక తప్పదు."

"నా తమ్ముడు ఎట్లున్నడు?"

"అది నాకు తెల్వది మేడమ్. ఓడ సంగతే తెల్సింది."

"ఓడ నాకెందుకురా! మనిషి బతికున్నడా లేడా?"

స్టాఫ్‌రూమ్ మొత్తం లేచి నిలబడింది. అతను ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పదిహేడు సార్లు చేశాను.

డిసెంబర్ 4

బతికున్నాడు. అక్కడి దవాఖాన నుంచి ఫోన్ చేశాడు. ఓడ ఇసుకకు కొట్టుకున్నప్పుడు వంటగదిలో పడి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. తెల్లవారాక నడుము లోతు నీళ్ళలో తొమ్మిది మందీ నడిచి ఒడ్డుకు వచ్చారట. విరిగిన చెయ్యిని ఎడమ చేత్తో నెత్తి మీద పెట్టుకుని నడిచాడట.

"ఒడ్డు మీద షికారుకు వచ్చినోళ్ళు మమ్మల్ని చూసి ఫొటోలు దిగిన్రక్కా" అన్నాడు.

డిసెంబర్ 6

ఆ మెట్లు మళ్ళీ ఎక్కాను. ఆఫీసులో ముగ్గురు పిల్లలు బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరు ఏర్గట్ల వాళ్ళు, ఒకడు జక్రాన్‌పల్లి. చేతుల్లో అవే కాగితాలు. శ్రవణ్‌కుమార్ నన్ను చూసి లేచాడు. నేను అతనితో మాట్లాడలేదు. ఒక పిల్లవాడి చేతిలో కాగితం అడిగి తీసుకుని పదకొండోది గట్టిగా తెలుగులో చెప్పాను. ఒడ్డెక్కితేనే పంపిస్తరు, ఇంకే కారణానికీ పంపరు, చచ్చేటట్టున్నా దిగొద్దు అని రాసిన్రు అని చెప్పాను.

"మేడమ్, బయటికి నడువున్రి" అన్నాడు అతను.

"నడుస్త. జర ఆగు. తమ్ముడూ, నేను ఇంగ్లీష్ టీచర్‌ని. ఫిబ్రవరిల గిదే కాగితం నా తమ్మునికి తప్పు చదివి చెప్పిన. నాకు తెల్వకుంట తెల్సినట్టు చెప్పిన. గిప్పుడు వాని చెయ్యి విరిగింది. ఇగ మీ ఇష్టం."

జక్రాన్‌పల్లి పిల్లవాడు లేచి చెప్పులేసుకున్నాడు. ఏర్గట్ల వాళ్ళిద్దరూ కూర్చునే ఉన్నారు. వాళ్ళలో ఒకడు నా చేతిలో కాగితం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

దిగుతుంటే మెట్ల మీద ఏడుపు వచ్చింది. దుఃఖం కాదది.

డిసెంబర్ 19

వచ్చాడు. హైదరాబాద్ నుంచి బస్సులో. నేనూ బాపూ బస్టాండ్‌లో ఉన్నాం. వాడు దిగి మమ్మల్ని చూడకుండా మా ముందు నుంచే నడిచి వెళ్ళిపోబోయాడు, మేమూ గుర్తుపట్టలేదు. బాపు వెనక నుంచి నడక చూసి "సుకుమారూ" అని అరిచాడు.

టికెట్ ఇన్సూరెన్స్ వాళ్ళే ఇచ్చారు. కంపెనీ కాదు. ఓడ ఒడ్డెక్కినా కంపెనీ ఫోన్ ఎత్తలేదు.

డిసెంబర్ 22

చర్చిలో అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది. నా బిడ్డ కృప ఉత్తరాలు రాసి రాసి తమ్ముణ్ణి ఇంటికి తెచ్చిందని. అందరూ నా వైపు తిరిగి చూశారు. పక్కన సుకుమార్ కట్టుతో ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి నవ్వాడు.

డిసెంబర్ 23

వాడికి చెప్పాను. ఇంటి వెనక ఎండలో కూర్చున్నాడు. యార్డులో ఆ రోజు నాకు ఆ మాట తెలియదనీ, అనుమానం వచ్చినా చెప్పలేదనీ, కింది వాక్యం చదవలేదనీ.

వాడు కట్టు చివర ఊడిన దారం పీకాడు.

"జూన్‌ల ఒక బోటు వచ్చిందక్కా" అన్నాడు.

"ఏం బోటు?"

"రేవు ఆఫీసర్లది. జీతం వద్దని రాసిచ్చినోళ్ళకు పాస్‌పోర్టులు ఇప్పిచ్చి దింపుతమన్నరు. ముగ్గురు రాసిచ్చి దిగిపోయిన్రు. మిగిలినోళ్ళు నన్ను అడిగిన్రు, ఏం చేద్దమని. నేనే ఆపిన. మా అక్క చదివింది, చిక్కుకపోతే కంపెనీనే పంపిస్తది, జీతం ఎందుకు వదులుకుంటరు అన్న. తొమ్మిది మంది నీ మాట మీద కూసున్నం. ఆరు నెలలు!"

"నాకు తెల్వదురా..."

"తెల్వదు అని ఆ దినం అనొచ్చు గదా! తెల్వదు అంటె నేను ఇంకొకర్ని అడుగుతుంటి! నీకు ఇంగ్లీష్ రాకపోతె నాకేం తక్కువైతుండె?"

ఎడమ చేత్తో స్టీలు చెంబు విసిరాడు. నా మీదికి కాదు, గోడకు. లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ వచ్చి ఏమైందంది. చెయ్యి జారిందన్నాను.

డిసెంబర్ 25

క్రిస్మస్. వాడు నాతో మాట్లాడలేదు.

డిసెంబర్ 31

మాట్లాడలేదు. నేను వడ్డిస్తే తినడం లేదు. అమ్మ వడ్డిస్తే తింటున్నాడు, ఎడమ చేత్తో, స్పూనుతో.

కోపం వచ్చింది నాకు. ఎంత తిరిగాను వీడి కోసం! ఎన్ని ఉత్తరాలు! అని అనుకున్నాను. బోటు సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

2025 జనవరి 7, మంగళవారం

ఇంక మోయలేక అమ్మకూ బాపుకూ చెప్పేశాను. పొద్దున్నే. అమ్మ వేల్పూర్‌కు పసుపు తవ్వకానికి బయలుదేరుతోంది, టిఫిన్ గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. శ్రవణ్‌కుమార్ ఆ రోజు బాపుతో అన్నది నిజమేననీ, ఆ మాట తెలియకుండానే సంతకం పెట్టమన్నాననీ చెప్పాను. బోటు సంగతి కూడా చెప్పాను.

బాపు లేచాడు.

"మరి నేను ఆన్ని కొట్టొచ్చిన దినం ఎందుకు చెప్పలే? నీళ్ళిచ్చినవు గదా చేతికి. ఎదురుంగనే నిలబడ్డవు గదా. నోరు పడిపోయిందా అప్పుడు?"

బాపు నా వైపు ఒక అడుగు వేశాడు.

"యార్డుల అందరికి చెప్పుకున్ననే! నా బిడ్డ తప్పు చదవదని చెప్పుకున్న! ఇంత సదువు సదివిచ్చింది గిందుకేనా? తమ్ముణ్ణి నీళ్ళల్ల ముంచెటందుకా?"

బాపు గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. నా ముప్పై నాలుగేళ్ళలో ఎప్పుడూ నా మీద లేవలేదు. అమ్మ "ఊకో, ఊకో" అంటోంది. బాపు ఇంకా దగ్గరికి వచ్చాడు.

అప్పుడు సుకుమార్ మంచం మీద నుంచి లేచాడు. కట్టు ఉన్న చెయ్యి అడ్డం పెట్టి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

"నువ్వు జరుగు బాపూ. అక్క మీద కోపం నాది. నువ్వు నడుమల రాకు."

బాపు ఆగిపోయాడు. కాసేపటికి తువ్వాలు భుజాన వేసుకుని యార్డుకు వెళ్ళిపోయాడు. అమ్మ కూడా వెళ్ళింది.

నేను స్కూల్‌కు ఆలస్యంగా వెళ్ళాను. వెళ్ళేముందు అన్నం వడ్డించి వాడి పక్కన పెట్టాను. తింటాడో లేదో చూడటానికి నిలబడలేదు.